ఇన్ బూన్స్‌బరో మూడు నవలలు: పని నిజం, ప్రేమ నిదానం, దెయ్యం అదనం

పాత ఇళ్లకు రిపేర్లు చేయించడం నా పని. కాకినాడలో సివిల్ డిప్లొమా అయిన దగ్గర్నుంచీ సైట్ల మీదే ఉన్నాను. మండువా ఇళ్లు, పెంకుటిళ్లు, యాభై అరవై ఏళ్ల నాటి మిద్దెలు. వాటిలో ఏది కూల్చాలో, ఏది నిలబెట్టచ్చో చూసి చెప్పడం, చెప్పాక నిలబెట్టించడం. అందుకని పాత బిల్డింగు బాగుచేస్తూ ఇద్దరు ప్రేమలో పడతారని వెనక అట్ట మీద రాసిన నవల ఏది కనబడినా నాకు ముందు ఒకటే అనుమానం వస్తుంది. ఈ రచయిత్రి ఎప్పుడైనా సైటు మీద ఒక పూట నిలబడిందా? చాలా వాటిలో నిలబడిన జాడ ఉండదు. హీరోయిన్ బుగ్గకి కాస్త పెయింటు అంటుతుంది, హీరో ఒక గోడ పగలగొడతాడు, రెండు అధ్యాయాలు తిరిగేసరికి గృహప్రవేశం. ఆ గోడ తాలూకు రబ్బిష్ ఎవరు ఎత్తారో, ఎక్కడ పోశారో ఎవరికీ పట్టదు.

అమెరికన్ రచయిత్రి నోరా రాబర్ట్స్ రాసిన ఇన్ బూన్స్‌బరో నవలలు అలా చుట్టేసే రకం కాదు. మొదటిది 'ది నెక్స్ట్ ఆల్వేస్', 2011 నవంబరులో వచ్చింది. రెండోది 'ది లాస్ట్ బాయ్‌ఫ్రెండ్' 2012 మేలో, మూడోది 'ది పర్ఫెక్ట్ హోప్' అదే ఏడాది నవంబరులో. అమెరికాలో మేరీల్యాండ్ రాష్ట్రంలోని ఒక చిన్న ఊరు, ఆ ఊరి సెంటర్లో రెండొందల ఏళ్లు దాటిన రాతి హోటలు, దాన్ని కొని బాగుచేసి మళ్లీ తెరవాలనుకున్న ముగ్గురు అన్నదమ్ములు, వాళ్లమ్మ. పుస్తకానికి ఒక్కొక్క అబ్బాయి ప్రేమ కథ. ఒకరంటే ఒకరికి గిట్టని ఇద్దరు బిల్డింగు కారణంగా రోజూ మొహాలు చూసుకోవాల్సి వచ్చే కథే కావాలంటే అది మూడో పుస్తకం. కానీ మొదటిది చదవకుండా నేరుగా మూడోదానికి పోతే సగం మజా పోతుంది. అందుకే మూడూ కలిపి రాస్తున్నాను.

మేరీల్యాండ్‌లో జర్మన్‌టౌన్‌లో ఉండే మా పెద్దమ్మ కూతురు వచ్చినప్పుడు ఈ సెట్టు తెచ్చి ఇచ్చింది. "నీ గొడవే ఇది, చదువు" అంది. ఆవిడ ఇంటి నుంచి కారులో గంట లోపు ఆ ఊరు. అంటే బూన్స్‌బరో నిజంగా ఉన్న ఊరే. ఆ హోటలు కూడా నిజంగా ఉంది, పేరు కూడా అదే, ఇన్ బూన్స్‌బరో. ఇన్ అంటే చిన్న హోటలు. ఇక్కడే నాకు ఈ పుస్తకాల మీద ఆసక్తి మొదలైంది, తరువాత ఫిర్యాదు కూడా ఇక్కడే మొదలైంది.

ఆ నిజమైన బిల్డింగు నోరా రాబర్ట్స్‌దే. 1790ల నాటి రాతి కట్టడం. ఆవిడ కొని బాగు చేయిస్తుండగా 2008 ఫిబ్రవరిలో మంటలంటుకుని లోపలంతా కాలిపోయింది. రాతి గోడలు నిలిచాయి. ఆ గోడల మధ్య మళ్లీ మొదటి నుంచి కట్టించి 2009 ఫిబ్రవరిలో తెరిచారు. కాలిపోయిన బిల్డింగును ఏడాదిలో గెస్టులు పడుకునేలా తయారు చేయడం ఎంత పనో ఈ రంగంలో ఉన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. రాయి వేడెక్కి, మీద నీళ్లు పడి చల్లారితే బీటలు వారచ్చు. ఏ రాయి ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది ఒక్కొక్కటీ తట్టి చూసుకోవాలి. ఇంత అనుభవం చేతిలో పెట్టుకుని ఆవిడ నవల్లో ఆ అగ్నిప్రమాదం జోలికి పోలేదు. నవల్లో పని హాయిగా నడుస్తుంది. నాకైతే కాలిన హోటలు కథే ఇంకా బాగుండేదనిపించింది. సొంత గాయం కెలుక్కోవడం ఇష్టం లేకపోయి ఉండచ్చు, అది ఆవిడ ఇష్టం.

ఊరి గురించి ఒక మాట చెప్పి ముందుకు పోతాను, ఎందుకంటే సివిల్ చదివిన వాళ్లెవరికైనా ఇది సరదాగా ఉంటుంది. మేం హైవేస్ పేపరులో వాటర్ బౌండ్ మెకాడమ్ (కంకర పరిచి, నీళ్లు పోసి, రోలరుతో తొక్కించే రోడ్డు, పొట్టిగా డబ్ల్యూబీఎం) అని బట్టీ పట్టాం కదా, అమెరికాలో మొట్టమొదటి మెకాడమ్ రోడ్డు 1823లో హేగర్స్‌టౌన్ నుంచి ఈ బూన్స్‌బరోకే వేశారు. డబ్ల్యూబీఎం రోడ్డు అని మనం రోజూ అనే మాటకు అమెరికాలో పుట్టిల్లు ఈ ఊరే అన్నమాట. నవల్లో ఈ సంగతి పెద్దగా అక్కరకు రాదు. నాకు మాత్రం ఆ సెంటర్లో ఏ పాత్ర రోడ్డు దాటినా ఇదే గుర్తొచ్చింది.

ఇక మనుషులు. అన్నదమ్ముల్లో బెకెట్ ఆర్కిటెక్టు. ఓవెన్ లెక్కలు, షెడ్యూళ్లు, లిస్టులు చూసుకునే మనిషి. రైడర్ కుర్రాళ్లతో పని చేయించే మనిషి, సైటు అతని చేతిలో ఉంటుంది. తండ్రి పోయాడు, ఆయన మొదలుపెట్టిన కాంట్రాక్టు పనినే వీళ్లు నడుపుతున్నారు. తల్లి జస్టీన్ అసలు ఓనరు. ఆవిడకి ఇంకో ఆలోచన వచ్చిందంటే ముగ్గురూ కలిసి గొణుగుతారు, అది అయ్యే పని కాదంటారు, మర్నాడు టేపు పట్టుకుని కొలతలకి వెళ్తారు. ఆ ఇంట్లో మాటలు నడిచే తీరు నాకు పరాయిగా అనిపించలేదు. రైడర్ కుక్క పేరు డీఏ. ఆ రెండక్షరాల వెనక ఉన్నది ఒక తిట్టు. ఆ కుక్క ఎప్పుడూ సైటు మీదే తిరుగుతుంది. ఇది చదివి మా మేస్త్రి గారికి చెప్తే, "సైటు కుక్కకి పేరు కూడానా అమ్మా" అన్నారు.

మొదటి పుస్తకం బెకెట్‌ది, క్లేర్‌ది. క్లేర్ భర్త సైన్యంలో ఉండి ఇరాక్‌లో చనిపోయాడు. ముగ్గురు మగపిల్లలతో సొంత ఊరికి తిరిగొచ్చి పుస్తకాల షాపు పెట్టుకుంది. బెకెట్‌కి ఆ అమ్మాయంటే స్కూలు రోజుల నుంచీ ఇష్టం, ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు షాపు ఒక పక్క, సైటు ఒక పక్క. పొద్దున లేస్తే కనబడుతుంది. ఆవిడ హోటలు ఎలా వస్తోందో చూడాలని వస్తుంది, అతను తిప్పి చూపిస్తాడు.

ఆ చూపించే భాగం కోసమే నేను ఈ పుస్తకానికి మంచి మార్కులు వేస్తాను. గదులు ఇంకా గదులు కావు. చెక్క ఫ్రేములున్నాయి, దుమ్ముంది, రంపాల గోల ఉంది. అతను ఖాళీ చోట నిలబడి మంచం ఇక్కడ, బాత్‌రూము టైల్సు ఇలా, కిటికీ లోంచి వెలుతురు ఇటు అని చెప్తుంటే ఆవిడకి ఒక్కొక్కటీ కనబడటం మొదలవుతుంది. ఇది మా రోజువారీ వ్యవహారం. నేను నేల మీద సుద్దముక్కతో గీతలు గీసి "ఇదండీ వంటిల్లు" అంటాను. ఇంటాయన గీతలు తొక్కుకుంటూ అటూ ఇటూ తిరుగుతారు. ఇంటావిడ మాత్రం గీత లోపలికొచ్చి నిలబడి, స్టవ్ ఉండాల్సిన చోట చెయ్యి తిప్పి, వెనక్కి తిరిగి సింకు ఉండాల్సిన చోట చెయ్యి కడిగినట్టు చేసి, "ఇక్కడ తలుపు పెడితే ఫ్రిజ్జు తెరుచుకోదు" అంటారు. ఆ మాట నిజమై ఊరుకుంటుంది. క్లేర్ కూడా అలాంటి మనిషే. లేని గోడను నిజంగా చూడగలిగిన మనిషి ఎదురుగా ఉంటే ఆర్కిటెక్టుకి ఎలా ఉంటుందో రచయిత్రికి తెలుసు. వాళ్లిద్దరి మధ్యా నడిచే ఇష్టమంతా ఈ తిప్పి చూపించడంలోనే పుడుతుంది. కళ్లు కళ్లు కలవడం, గుండె దడ లాంటివి ఉన్నాయి గానీ అవి ఎవరైనా రాస్తారు.

గదుల పేర్ల సంగతి చెప్పాలి. మొత్తం ఎనిమిది గదులు. ఒకటి పెంట్‌హౌస్, మిగిలిన ఏడింటికీ సాహిత్యంలోని జంటల పేర్లు. ఎలిజబెత్ - డార్సీ, జేన్ - రోచెస్టర్, టైటానియా - ఒబెరాన్, నిక్ - నోరా, ఇలా. ఒక్కటే రూలు: కథ చివర ఆ జంట కలిసి ఉండాలి. అందుకే రోమియో జూలియట్లకి ఈ హోటల్లో గది దొరకదు. ఒక గదికి ఈవ్ - రోర్క్ అని పెట్టారు, వాళ్లు నోరా రాబర్ట్స్ వేరే కలం పేరుతో రాసే డిటెక్టివ్ నవలల్లో జంట. సొంత మనుషులకి సొంత హోటల్లో రిజర్వేషన్! నేనైతే మన దగ్గర ఇలాంటిది పెడితే శశిరేఖ - అభిమన్యుడు, ఉష - అనిరుద్ధుడు అని కాసేపు లెక్క వేసుకున్నాను. అభిమన్యుడి దగ్గర రూలు ప్రకారం పేచీ వస్తుందని ఆపేశాను.

ఒక్కొక్క గదికి ఒక్కొక్క తరహా ఫర్నిచరు, టైలు, లైటు, సబ్బు వాసనతో సహా వేరు. వీటి ఎంపికలు పేజీలకు పేజీలు నడుస్తాయి. టైల్స్ షాపులో రెండు గంటలు కూర్చుంటే తలనొప్పి వచ్చే వాళ్లు ఇక్కడ విసుక్కుంటారు. నాకు మాత్రం ఇదే భోజనం. ఒక లైటు బిగించే ఎత్తు మీద నలుగురు మాట్లాడుకోవడం, ఎవరి మాట నెగ్గింది, నెగ్గనివాళ్లు ఎలా తీసుకున్నారు అన్నది చూస్తే మనుషులు బయటపడతారు. ఓ కుటుంబం గురించి వాళ్ల పెళ్లి ఆల్బం కంటే వాళ్ల బాత్‌రూము టైల్స్ మీద జరిగిన గొడవే నాకు ఎక్కువ చెప్తుంది.

ఇప్పుడు అసలు జంట దగ్గరికి వస్తాను. హోప్ బ్యూమాంట్ వాషింగ్టన్ నగరంలో పెద్ద హోటలు మేనేజరుగా చేసిన అమ్మాయి. అక్కడి వ్యవహారం చెడి ఈ చిన్న ఊరికి వచ్చి ఈ హోటలు నడిపే ఉద్యోగంలో చేరుతుంది. బిల్డింగు ఇంకా పూర్తి కాకముందే వచ్చింది కాబట్టి అలమరా ఎక్కడ, దుప్పట్లు ఎక్కడ, ఏ తలుపు ఎటు తెరుచుకోవాలి అన్నీ ఆవిడకి పట్టింపే. రైడర్‌కి మాటలు తక్కువ, మర్యాదలు ఇంకా తక్కువ. తన సైటు మీదికి హీల్స్ వేసుకుని వచ్చి ప్రశ్నలడిగే మనిషి అంటే మొదటి నుంచీ పడదు. ఆవిడకీ అతనంటే అంతే. రెండో పుస్తకంలో న్యూ ఇయర్ రాత్రి ఇద్దరి మధ్యా ఒక ముద్దు జరుగుతుంది. జరిగాక ఇద్దరూ ఏమీ జరగనట్టు తిరుగుతారు. మూడో పుస్తకం అక్కడి నుంచి అందుకుంటుంది.

ఈ ఇద్దరి దగ్గర రచయిత్రి తొందరపడలేదు. హోటలు తెరిచేశారు, ఇప్పుడు రైడర్ పక్క బిల్డింగుల పనిలో ఉన్నాడు, ఆవిడ హోటలు నడుపుతోంది. అయినా తప్పించుకోలేరు. ఏ చిన్న మరమ్మతు వచ్చినా పిలవాల్సింది అతన్నే. అతని కుక్క ఆవిడ దగ్గరికి చేరుతుంది. అతను రావడానికి ఒక పనిముట్టు సాకు కావాలి, ఆవిడ కాఫీ ఇవ్వడానికి అతను పనిమీద వచ్చి ఉండటం సాకు. కాంక్రీటుకి క్యూరింగ్ లాగా, ఇన్ని రోజులు నీళ్లు పట్టాల్సిందే, ముందే సెంటరింగ్ విప్పితే కూలుతుంది. ఆ ఓపిక ఈ పుస్తకంలో ఉంది.

వాళ్ల మధ్య ఇష్టం పెరిగే తీరులో నాకు బాగా నచ్చింది, ఇద్దరూ ఒకరి పనిని ఒకరు గౌరవించడం ముందు మొదలై, మిగతావి తరువాత రావడం. రైడర్ ఎప్పుడూ ఆవిడని నీకు కళ్లు అందంగా ఉన్నాయి అనడు. హోటలు నడిపే పద్ధతి చూసి, ఒక పని ఆవిడ చేసిన తీరే సరైనదని ఒప్పుకుంటాడు, అదీ సణుగుతూ. సైటు మీద నేను విన్న అతి పెద్ద మెచ్చుకోలు కూడా ఇలాంటిదే. ఎన్నేళ్ల నుంచో మాతో చేస్తున్న వడ్రంగి ఒకాయన, నేను గీసిన తలుపు ఫ్రేము కొలత మళ్లీ కొలవకుండా కర్ర కోసేశాడు. ఎవరూ ఏమీ అనలేదు, నేను మాత్రం ఆ రోజంతా సంతోషంగా ఉన్నాను. రైడర్ - హోప్ దగ్గర ఇలాంటివి చాలా ఉన్నాయి. మా అమ్మ తరం వాళ్లు వారపత్రికల్లో చదివిన సీరియళ్లలో హీరోకి బంగళా ఉండేది, కారు ఉండేది, బంగళాకి ఎప్పుడూ చెద పట్టేది కాదు. రైడర్‌కి అరిగిపోయిన బూట్లు, సుత్తి, నోట్లోంచి ఊడిపడని మాటలు. కాలం మారింది మరి.

ఈ నిజాయితీ ఎక్కడి నుంచి వచ్చిందో తెలిశాక నాకు ఇంకా నచ్చింది. నోరా రాబర్ట్స్ ఇంట్లో పుస్తకాల అలమరాలు చేయడానికి వచ్చిన వడ్రంగి పేరు బ్రూస్ వైల్డర్. 1985లో ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. ఆయనే బూన్స్‌బరోలో టర్న్ ద పేజ్ అనే పుస్తకాల షాపు పెట్టారు. నవల్లో క్లేర్ షాపు పేరు కూడా అదే. అంటే కొలత టేపు పట్టుకుని ఇంట్లోకి వచ్చిన మనిషిని ప్రేమించడం ఎలా ఉంటుందో ఆవిడ ఊహించి రాయక్కర్లేదు.

ఇక ఫిర్యాదులు. ముందు దెయ్యం. హోటల్లో లిజ్జీ అని ఒక ఆడ దెయ్యం ఉంటుంది, అది వస్తే అడవి మల్లె లాంటి ఒక పూల వాసన వస్తుంది, తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి. మొదటి పుస్తకంలో ముద్దుగానే ఉంది. ఆ ఊరి పక్కనే 1862 సెప్టెంబరు 17న యాంటీటమ్ యుద్ధం జరిగింది. ఒక్క రోజులో చనిపోయిన, గాయపడిన, జాడ తెలియని వాళ్లు కలిపి 23 వేల మంది దాకా. ఆ నేల మీద నిలబడిన హోటలుకి ఒక దెయ్యం ఉండటం అన్యాయమేం కాదు, లిజ్జీ కథ కూడా ఆ రోజుల్లోదే. నాకు పేచీ ఎక్కడంటే, ఆ దెయ్యం పెళ్లిళ్ల పేరయ్య పనికి దిగుతుంది. ఇద్దరు మొండివాళ్లను ఒక గదిలో కలపడానికి బిల్డింగు పనే చాలు, చక్కగా సరిపోతోంది కూడా, మధ్యలో దెయ్యం వచ్చి తలుపు మూయనక్కర్లేదు. మూడో పుస్తకంలో దెయ్యం తాలూకు చుట్టరికాలు బయటపడే భాగం మరీ అమరినట్టుగా ఉంది. అంతా ఒకే ఊళ్లో వాళ్లకి, ఒకే కుటుంబాలకి వచ్చి కలుస్తుంది. మా అత్తగారు అయితే "జాతకాలు కలిశాయి" అని తృప్తిపడేవారు.

మొదటి పుస్తకంలో క్లేర్ వెంట పడే ఒక డబ్బున్న వెధవ ఉంటాడు. చివర్లో టెన్షన్ పెంచడానికి అతన్ని వాడారు. ముగ్గురు చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో ఆ సీన్లు చదవడం నాకు కష్టంగా అనిపించింది, కథకి కూడా అతుకు పెట్టినట్టే ఉంది. మూడో పుస్తకంలో హోప్ పాత ప్రియుడు వచ్చి చేసే గొడవ దీనికంటే నయం, ఎందుకంటే అది ఆవిడ ఈ ఊరికి ఎందుకు వచ్చిందో దానికి ముడిపడి ఉంది.

అన్నిటికంటే పెద్ద లోటు డబ్బు. ఇంత పెద్ద పని నడుస్తుంటే ఒక్కరి నోట్లోంచీ ఈ నెల ఎలా అన్న మాట రాదు. బిల్లు చూసి ఇంటాయన మంచినీళ్లు అడగడం లేదు, సగం పని ఆపి మిగతాది సంక్రాంతి తరువాత చూద్దాం అనడం లేదు. శనివారం సాయంత్రం బట్వాడా టైముకి చేతిలో చిల్లర లేకపోతే కాంట్రాక్టరు మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. పాత ఇంటి రిపేరులో ఇద్దరు మనుషులు నిజంగా పోట్లాడుకునేది టైలు రంగు మీద కాదు, ఖర్చు మీద. అది తీసేయడం వల్ల ఈ కథల్లో గొడవలన్నీ తేలికపాటివే అయ్యాయి. అలాగే పాత రాతి గోడకి సున్నం వాడతారా సిమెంటా, చెమ్మ సంగతి ఏమిటి అన్న చోట నాకు ఇంకా కావాలనిపించింది. సున్నంతో కట్టిన గోడ మీద సిమెంటు ప్లాస్టరింగ్ చేస్తే లోపలి తడి బయటికి రాలేక గోడ కుళ్లుతుందని ఇళ్లవాళ్లకి చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది. రెండొందల ఏళ్ల గోడ పెట్టుకుని ఆర్కిటెక్టు హీరో ఆ మాట మీద ఒక పేజీ ఉపన్యాసం ఇచ్చి ఉంటే నేను అతన్నే పెళ్లి చేసుకునేదాన్ని.

మొదట్లో ఫిర్యాదు అని అన్నాను కదా, అది ఇది. హోటలు నిజం, పుస్తకాల షాపు నిజం, రెండో నవల హీరోయిన్ ఏవరీ నడిపే వెస్టా పిజ్జా షాపు కూడా ఆ ఊళ్లో ఉన్న పేరే. ఇవన్నీ రచయిత్రి కుటుంబానివే. అంటే డబ్బిచ్చి కొనుక్కునే ఈ మూడు నవలలు ఒక రకంగా హోటలు బ్రోషరు కూడా. ఏ గదిలో ఏ సబ్బు ఉంటుందో అంత వివరంగా రాసినప్పుడు ఇది కథ కోసమా, బుకింగ్ కోసమా అని అనుమానం వచ్చిన చోట్లున్నాయి. మా అక్క ఇంకా గదిలో దిగలేదు గానీ ఆ వీధిలోకి వెళ్లి రాతి గోడల ముందు నిలబడి ఫోటో పంపింది. రెండంతస్తుల వరండాలు చూసి నేను మొదట అడిగింది, "రెయిలింగు చెక్కా, ఇనుమా?" ఆవిడ విసుక్కుని ఫోను పెట్టేసింది. బ్రోషరు పని చేసిందనే చెప్పాలి, మరి మేమిద్దరం చూస్తూనే ఉన్నాం.

రెండో పుస్తకం గురించి ఎక్కువ లేదు. ఓవెన్‌కి, ఏవరీకి చిన్నప్పటి నుంచీ పరిచయం, అయిదేళ్ల వయసులో అతను ఆ పిల్లకి మొదటి బాయ్‌ఫ్రెండు, పేరు అందుకే. ఇద్దరూ మంచివాళ్లే, మధ్యలో అడ్డం ఏమీ లేదు. ఏవరీ కొత్త రెస్టారెంటు పెట్టడానికి పక్క బిల్డింగు బాగుచేయించుకునే భాగం, ఏవరీ తల్లి తాలూకు భాగం బాగున్నాయి. మిగతాది టీ తాగుతూ తిప్పేయచ్చు.

భాష సంగతి. ఇంగ్లీషు తేలికే, ముప్పాతిక భాగం మాటలే. అన్నదమ్ములు ఒకళ్లనొకళ్లు ఏడిపించుకునే తీరు చదివితే బెకెట్ మాట ఏదో, రైడర్ మాట ఏదో పేరు చూడకుండా తెలుస్తుంది. అమెరికా ఇళ్ల పని పదాలు కొన్ని అడ్డం పడతాయి. వాళ్లు గోడల లోపల చెక్క ఫ్రేము కట్టి పైన జిప్సం బోర్డు కొడతారు, మనలాగా ఇటుక పేర్చి పూత వేయడం కాదు. అది ఒకసారి బుర్రకెక్కితే ఇన్ని గదులు అంత త్వరగా ఎలా లేస్తున్నాయో అర్థమవుతుంది. పడకగది సీన్లు మూడింటిలోనూ ఉన్నాయి, దాచకుండా ఉన్నాయి, కాబట్టి ఇంటర్ చదివే పిల్లల చేతికి ఇచ్చే ముందు మీరు చూసుకోండి.

పెద్ద మలుపులు, ఏడుపులు కావాలనుకునేవాళ్లు ఇది కొనక్కర్లేదు. ఇల్లు కట్టిస్తున్నవాళ్లు, కట్టించి అలిసిపోయినవాళ్లు, పని చేసే మనుషులను చూస్తూ కూర్చోగలిగినవాళ్లు మొదటిదీ మూడోదీ తప్పక చదవచ్చు. మొదటిది బిల్డింగు కోసం, మూడోది ఆ ఇద్దరి కోసం. వేసుకోమంటే మొదటిదానికి అయిదింట నాలుగు, మూడోదానికి నాలుగున్నర, దెయ్యం లేకపోతే అయిదు వేసేదాన్ని. రెండోదానికి మూడు.

నా సెట్టు ప్రస్తుతం మాకు శానిటరీ సామాను ఇచ్చే షాపులో బిల్లింగ్ దగ్గర కూర్చునే అమ్మాయి దగ్గర ఉంది. రెండో పుస్తకం సగంలో ఉంది. ముగ్గురిలోనూ ఓవెనే బెస్టు అంటోంది, లిస్టు రాసుకుని టైముకి డబ్బులిచ్చే మగవాడు బజారులో ఎక్కడ దొరుకుతాడు మేడమ్ అని నన్నే అడుగుతోంది. మూడోది మొదలుపెట్టాక మాట్లాడదాం అన్నాను.